సారపాక అట్టపెట్టె, భద్రాచలం సెంచరీ

ఆడినవాళ్ల పేర్లు పిల్లలకు కూడా నోటికొస్తాయి. ఆ ఆటకు టీవీలో వేళ కుదిర్చినవాడు, చొక్కా మీద కంపెనీ పేరు వేయించినవాడు, ఊరికో జట్టు పేరు పెట్టి వేలం పాడించినవాడు ఎవరో పెద్దవాళ్లకు కూడా తెలియదు. స్పోర్ట్స్ మార్కెటింగ్, లీగ్ మేనేజ్‌మెంట్ అనే ఈ కొలువుకూ, కొత్తగూడెం, పాల్వంచ దాటి అడవుల్లోంచి భద్రాచలం చేరే మన దారికీ సంబంధం ఏముందని అడగొచ్చు. ఉంది. గోదావరి వంతెన దగ్గరే ఉంది.

చొక్కా మీద ఎవరి పేరు?

భద్రాచలం నుంచి వంతెన దాటగానే సారపాక. జామాయిల్, సుబాబుల్ కర్ర ఎత్తుకొచ్చిన లారీలు కాగితం మిల్లు ముందు వరసకట్టి కనిపిస్తాయి. 1979లో ఐటీసీ భద్రాచలం పేపర్‌బోర్డ్స్ అనే కంపెనీ పుట్టింది ఈ మిల్లు కోసమే. 2002లో అది మాతృసంస్థలో కలిసిపోయింది. ఐటీసీ అసలు వ్యాపారం సిగరెట్లు. సిగరెట్‌కు పెట్టె కావాలి, పెట్టెకు అట్ట కావాలి.

ఇంచుమించు అదే కాలంలో ఐటీసీ ఇంకో పని చేసింది. తన సిగరెట్ పేరును క్రికెట్‌కు తగిలించింది. 1977-78లో విల్స్ ట్రోఫీ మొదలైంది. 1990ల్లో భారత జట్టు చొక్కా మీద విల్స్ పేరే. 1996 ప్రపంచ కప్పుకైతే పేరే విల్స్ వరల్డ్ కప్. ఆ కప్పులో విశాఖపట్నం మ్యాచ్ గుర్తుందా? కెన్యా మీద మార్క్ వా 130 కొట్టాడు. మైదానం నిండా బోర్డుల మీద కనిపించింది మాత్రం సిగరెట్ పేరు.

ఆ కప్పు ఇంకో రెండు పాఠాలు నేర్పింది. బెంగళూరులో పుట్టి అమెరికాలో స్థిరపడిన మార్క్ మస్కరేనాస్ తన వరల్డ్‌టెల్ కంపెనీ తరఫున కోటి డాలర్లకు టీవీ హక్కులు పట్టుకున్నాడు. అంత డబ్బు ఎలా తిరిగొస్తుందని నవ్వినవాళ్లు తర్వాత నోరు మూసుకున్నారు. అంతకు ముందే 1995లో సచిన్ టెండూల్కర్‌తో ఐదేళ్లకు 30 కోట్ల ఒప్పందం రాసుకున్నదీ ఆయనే. రెండో పాఠం కూల్‌డ్రింకుల వాళ్లది. అధికారిక పానీయం హోదా కోకాకోలా కొనుక్కుంటే, మాకు ఆ హోదాలతో పనిలేదు అన్న ధోరణిలో పెప్సీ ప్రకటనలు గుప్పించింది. జనానికి పెప్సీయే గుర్తుండిపోయింది. స్పాన్సర్ డబ్బు కట్టినంత మాత్రాన ఆట అతని పేరుమీద రిజిస్టర్ అయిపోదని అప్పుడు తెలిసింది.

2001లో పొగాకు ప్రకటనల మీద బిల్లు పార్లమెంటుకు రాగానే ఐటీసీ క్రికెట్ నుంచి తప్పుకుంది. చొక్కా మీదికి సహారా వచ్చింది. 2003లో చట్టం అయింది. సరిగ్గా ఇలాంటిదే 2025 ఆగస్టులో మళ్లీ జరిగింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం రాగానే డ్రీమ్11 పేరు చొక్కా మీద నుంచి పోయింది, అపోలో టైర్స్ పేరు వచ్చింది. పాతికేళ్లలో రెండుసార్లు పార్లమెంటు చేసిన పనితో జట్టు చొక్కా మారింది. ఈ ఉద్యోగంలో ఉన్నవాడు స్కోర్‌కార్డు చదవడం మానేసినా ఫర్వాలేదు గానీ గెజిట్ చదవడం మానకూడదు.

లివర్ టానిక్ నాయుడు గారు

ప్రకటనల్లో కనిపించిన మొదటి భారత క్రికెటర్ ఎవరు? ఏ గవాస్కరో, కపిల్‌దేవో అనుకుంటారు. 1941లోనే బాత్‌గేట్ లివర్ టానిక్‌కు తన పేరిచ్చిన సి.కె. నాయుడు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం, 1932లో భారత తొలి టెస్టు కెప్టెన్. 1926లో బొంబాయిలో ఎంసీసీ మీద 153 కొట్టినప్పుడు అందులో 11 సిక్సర్లున్నాయి. అలాంటి మనిషి తాగమంటే ఏ టానిక్ అయినా అమ్ముడుపోతుంది.

ఆటగాళ్లను పిలిపించి, ఖర్చు భరించి, జనాన్ని రప్పించే పనిలో ఆద్యుడు కూడా తెలుగువాడే అంటే కొందరికి నచ్చకపోవచ్చు. విజయనగరం మహరాజకుమార్, అందరూ విజ్జీ అనేవారు. 1930-31లో శాసనోల్లంఘన ఉద్యమం కారణంగా ఎంసీసీ పర్యటన రద్దయితే, జాక్ హాబ్స్‌నూ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నూ సొంత జట్టులోకి పిలిపించి దేశమంతా, సిలోను దాకా తిప్పాడు. 1936లో కెప్టెన్‌గా ఆయన చేసిన నిర్వాకం వేరే కథ. ఆటగాడిగా తక్కువ, ఆడించేవాడిగా ఎక్కువ అన్నది నా తీర్పు.

చెడుగుడు మ్యాట్ ఎక్కిన కథ

చారు శర్మ తెలుగువాడు కాదు. అయినా మన పల్లెల ఆటను లీగ్ చేసిన మనిషి కాబట్టి ఈ ముచ్చట్లలో పెద్ద పీట ఆయనకే.

ఆయన పేరున్న క్రికెట్ వ్యాఖ్యాత. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు బెంగళూరు జట్టుకు తొలి సీఈఓ. జట్టు వరసగా ఓడిపోయింది, సీజన్ మధ్యలోనే ఆయన పదవి పోయింది. ఆ ఏడాది పట్టికలో బెంగళూరు ఏడో స్థానం, మన డెక్కన్ చార్జర్స్ ఎనిమిదో స్థానం, అంటే అట్టడుగు. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో ఫైనల్ ఆడింది ఎవరనుకుంటున్నారు? ఆ అడుగునున్న రెండు జట్లే. 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో డెక్కన్ చార్జర్స్ 6 పరుగుల తేడాతో కప్పు గెలిచింది. మొదటి ఏడాది పట్టిక చూసి మేనేజర్ మెడ మీద కత్తి పెట్టే యజమానులు ఈ లెక్కను ఆఫీసు గోడకు అంటించుకోవాలి.

చారు శర్మ బుర్రలో కబడ్డీ విత్తనం అంతకు ముందే పడింది. 2006 దోహా ఆసియా క్రీడల్లో కబడ్డీకి జనం ఎగబడటం కళ్లారా చూశాడు. దగ్గరి బంధువైన ఆనంద్ మహీంద్రాతో కలిసి మషాల్ స్పోర్ట్స్ ద్వారా ప్రో కబడ్డీ లీగ్ తెచ్చాడు. 2014 జూలై 26న ముంబయిలో తొలి కూత. 8 జట్లు. మొదటి సీజన్‌ను టీవీలో చూసినవాళ్లు 43.5 కోట్ల మంది అని లెక్క తేలింది. అప్పటికి దేశంలో ఐపీఎల్ తర్వాత స్థానం అదే.

ఇంతకీ ఆటలో ఏం మార్చారు? కబడ్డీకి ముందు నుంచే ఒక వరం ఉంది, మ్యాచ్ 40 నిమిషాలు. విరామం, రివ్యూలు కలిపినా రాత్రి భోజనాల వేళ టీవీలో ఒక గంటలో సర్దుకుంటుంది. మట్టి బదులు మ్యాట్, ఆరుబయలు బదులు దీపాల వెలుగులో ఇండోర్ స్టేడియం. రైడ్‌కు 30 సెకన్ల గడియారం తెర మీద పరుగెత్తుతూ ఉంటుంది. వరసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది తప్పనిసరిగా పాయింటు తేవాలి, లేదా అవుటే. ముగ్గురో అంతకన్నా తక్కువమందో మిగిలినప్పుడు రైడర్‌ను పట్టేస్తే రెండు పాయింట్లు. అంటే ఓడిపోతున్న జట్టుకు చివరిదాకా ఆశ, చూసేవాడికి చానల్ మార్చకుండా కట్టు. ఊళ్లో ఇసుక పోసి ఆడే చెడుగుడులో రైడర్ కాసేపు గీత దగ్గరే కాలయాపన చేసి తిరిగొచ్చేస్తే తిట్టుకునేవాళ్లం. ఆ తిట్టును నిబంధనగా రాశారు, అంతే.

తర్వాత కథ డబ్బుది. 2015లో స్టార్ ఇండియా మషాల్‌లో 74 శాతం వాటా కొంది. 2017లో వివో ఐదేళ్ల టైటిల్ స్పాన్సర్‌షిప్‌కు 300 కోట్లు ఒప్పుకుంది. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొనుక్కుంది.

చారు శర్మ గురించి ఒక కొసరు. 2022 ఫిబ్రవరి 12న బెంగళూరులో ఐపీఎల్ వేలం నడుస్తుండగా వేలం పాడే హ్యూ ఎడ్మీడ్స్ వేదిక మీదే స్పృహ తప్పాడు. ఫోన్ వెళితే చారు శర్మ హడావిడిగా హోటల్‌కు వచ్చి సుత్తి అందుకున్నాడు. పద్నాలుగేళ్ల కిందట ఇదే లీగ్‌లో ఉద్యోగం పోయిన మనిషి, ఆ పూట లీగ్ పరువు నిలబెట్టాడు.

రెండు రాష్ట్రాలకు ఒకటే పేరు

రాష్ట్రం విడిపోయింది 2014 జూన్ 2న. ప్రో కబడ్డీ మొదలైంది జూలై 26న. మధ్యలో రెండు నెలలు కూడా లేవు. తొలి ఎనిమిది జట్లలో ఏడింటి పేర్లు ఏదో ఒక ఊరునో రాష్ట్రాన్నో చెబుతాయి. భాష పేరు పెట్టుకున్నది ఒక్క తెలుగు టైటాన్స్. వీరా స్పోర్ట్స్ పేరుతో శ్రీనివాస్ శ్రీరామనేని, మహేశ్ కొల్లి, నేదురుమల్లి గౌతమ్ రెడ్డి తీసుకున్న జట్టది. తొలి సీజన్‌లో సొంత మైదానం విశాఖ, మరుసటి ఏడాది హైదరాబాద్. ఉద్దేశం ఏదైనా, ఆ పేరు వల్ల గీతకు అటూ ఇటూ ఉన్న ప్రేక్షకుడు చేజారలేదు.

ఈ తెలివి విలువ భద్రాచలం వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1959 దాకా తూర్పుగోదావరిలో ఉన్న తాలూకా ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. గుడి ఉన్న పట్టణం తెలంగాణలో మిగిలింది, చింతూరు, కూనవరం అటుపోయాయి. నిన్నటిదాకా ఒకే జిల్లా జట్టుకు ఆడిన కుర్రాళ్లకు ఇవాళ సెలెక్షన్లు వేరు, సంఘాలు వేరు. టీవీలో జట్టు మాత్రం ఒకటే.

ఇల్లు ఇక్కడ, జట్టు అక్కడ

ఒకప్పటి శ్రీకాకుళం జిల్లా రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్ గ్రూపు, 2008లో హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయం తెరిచిన ఏడాదే ఐపీఎల్‌లోకి దిగింది. తీసుకున్నది హైదరాబాద్ కాదు, 8.4 కోట్ల డాలర్లకు ఢిల్లీ. అక్కడి విమానాశ్రయం కూడా వాళ్ల చేతిలోనే ఉంది మరి. హైదరాబాద్‌ను డెక్కన్ క్రానికల్ 10.7 కోట్ల డాలర్లకు పట్టుకుంది. ఐదేళ్లు తిరక్కుండా, 2012లో ఆ జట్టే రద్దయింది. సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్ల చొప్పున కొత్త జట్టు తీసుకుని సన్‌రైజర్స్ అని పేరు పెట్టింది.

జీఎంఆర్ ఆగలేదు. కబడ్డీలో యూపీ యోధాస్, అమెరికా క్రికెట్‌లో సియాటిల్ ఆర్కాస్, ఇంగ్లండ్‌లో హాంప్‌షైర్ కౌంటీ. సియాటిల్ జట్టు పెట్టుబడిదారుల్లో హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల కూడా ఉన్నారు. ఆ జట్టు 2023 తొలి సీజన్‌లోనే ఫైనల్ దాకా వెళ్లింది. మన పేరు పెట్టుకున్న జట్టు కూడా జీఎంఆర్‌కు ఒకటుంది, ఖోఖోలో తెలుగు యోధాస్. 2022 సెప్టెంబర్ 4న పుణెలో అల్టిమేట్ ఖోఖో తొలి ఫైనల్ 46-45తో ఒడిశా గెలిచింది. ఆఖరి సెకన్లలో ఒక్క డైవ్, ఒక్క పాయింటు తేడా. మన ఆశ్రమ పాఠశాలల గ్రౌండ్లలో ఆడపిల్లలు సాయంత్రం కాగానే ఆడే ఆట లీగ్ తెరమీద అంత ఉత్కంఠగా ఉంటుందని నేను అనుకోలేదు.

ఉద్యోగి యజమాని అయితే

ఈ కొలువులో ఒక మనిషి జీవితం ఎటునుంచి ఎటు తిరుగుతుందో చూడాలంటే వరుణ్ త్రిపురనేని కథ చూడాలి. కేరళ బ్లాస్టర్స్ ఫుట్‌బాల్ క్లబ్‌కు ఆయన సీఈఓ. ఆ కొలువు తర్వాత 2019లో, ఐటీ రంగంలోని విజయ్ మద్దూరితో కలిసి, పుణె క్లబ్ మూతపడగా మిగిలిన చోటును అందుకుని హైదరాబాద్ ఎఫ్‌సీ పెట్టారు. తొలి సీజన్ పట్టికలో అడుగు. తర్వాత కోవిడ్ వచ్చి మ్యాచ్‌లన్నీ గోవాకు పోయాయి, సొంత జనం సొంత జట్టును చూడలేని కాలం. అప్పుడే స్పెయిన్ కోచ్ మనోలో మార్కెస్ వచ్చాడు.

2022 మార్చి 20, గోవాలోని ఫతోర్డా. ఐఎస్ఎల్ ఫైనల్లో ఎదురైన జట్టు వరుణ్ పాత యజమానుల కేరళ బ్లాస్టర్స్. 1-1 దగ్గర సమం. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపేశాడు, 3-1తో హైదరాబాద్ చాంపియన్. కోచ్ రహీం సాబ్ కాలం తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్ పేరు మళ్లీ దేశమంతా వినపడిన రోజు.

రెండేళ్లు తిరిగేసరికి జీతాల బకాయిలు, ఆటగాళ్ల వలస, కొత్తవాళ్లను తీసుకోకుండా నిషేధాలు. 2024లో జిందాల్ గ్రూపు క్లబ్బును తీసుకుంది. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. కప్పు మన ఊరి పేరుమీద ఉంది, జట్టు లేదు. లీగుల్లో ఫ్రాంచైజీ అంటే లైసెన్సు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఇంకో ఊరికి పోవచ్చు. ఊరి క్లబ్ అలా పోలేదు.

రాకెట్ ఖరీదు ఎవరు కడతారు?

2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్ కోలా ప్రకటనకు ఒప్పుకోలేదు. తాను తాగనిది పిల్లలను తాగమని చెప్పనన్నాడు. మార్కెటింగ్ వాళ్లకు ఇది నష్టం ఖాతా. కానీ తర్వాత అకాడమీ కడుతున్నప్పుడు నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్లు ఇవ్వడానికి గోపీచంద్ మాట మీద నమ్మకమే పూచీ. ఆ అకాడమీ నుంచి వచ్చిన సింధుతో 2019లో లీ నింగ్ కంపెనీ నాలుగేళ్లకు సుమారు 50 కోట్ల ఒప్పందం చేసుకుంది.

బ్యాడ్మింటన్‌కు లీగ్ మాత్రం నిలవలేదు. 2013లో ఇండియన్ బ్యాడ్మింటన్ లీగ్ వచ్చింది. పొట్లూరి ప్రసాద్ పీవీపీ కొన్న హైదరాబాద్ హాట్‌షాట్స్, సైనా కెప్టెన్సీలో తొలి కప్పు ఎత్తింది. ఆ లీగ్ వేలంలోనే గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్పల కనీస ధరను 50 వేల డాలర్ల నుంచి 25 వేలకు తగ్గించారు. ఎందుకంటే మహిళల డబుల్స్‌నే లీగ్ నుంచి తీసేశారు. ఆ జోడీ ప్రపంచ పోటీల్లో పతకం తెచ్చి రెండేళ్లే అయింది. జ్వాల ఊరుకోలేదు, గట్టిగా అడిగింది. ఆమె అడిగింది న్యాయం. టీవీలో బాగుండదని ఒక విభాగాన్నే కోసేసే అధికారం లీగ్ మేనేజర్ చేతికి ఎలా వస్తుందో చూపించిన ఉదంతమిది. ఆ లీగ్ తర్వాత ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్‌గా మారి 2018లో మళ్లీ హైదరాబాద్‌కు కప్పు తెచ్చింది, 2020 సీజన్ తర్వాత ఆగిపోయింది.

డాక్టర్ గారి 850

బీసీసీఐలో క్రికెట్ ఆపరేషన్స్ జనరల్ మేనేజర్‌గా పనిచేసిన మాటూరి వెంకట్ శ్రీధర్ వైద్యుడు. 1994లో హైదరాబాద్ తరఫున ఆంధ్ర మీద 366 కొట్టాడు. ఆయన క్రీజులో ఉన్నంతసేపట్లో జట్టు ఖాతాలో చేరిన పరుగులు 850, అది ప్రపంచ రికార్డు. జట్టు మొత్తం 6 వికెట్లకు 944. రెండు తెలుగు జట్ల మధ్య ఇంత దయలేని మ్యాచ్ ఇంకోటి లేదు.

మైకు, జనరేటర్, వాలీబాల్

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. సంక్రాంతి, ఉగాది, లేదా ఎవరిదైనా స్మారకం. చర్ల, దుమ్ముగూడెం, మణుగూరు, అశ్వారావుపేట, ఎటు వెళ్లినా ఖాళీ చేలో సున్నం గీతలు, రెండు స్తంభాలకు నెట్టు, నాలుగు మూలల ఫోకస్ లైట్లు. వెనక జనరేటర్ మోత. టేబుల్ మీద టవలు పరిచి వరసగా కప్పులు, పక్కన మైకు పట్టుకున్నాయన ఊపిరి తీసుకోడు. ఒక స్మాష్ పడగానే ‘అద్భుతమైన షాట్’ అంటూనే, మొదటి బహుమతి దాత పేరు, ఆయన తండ్రి పేరు, రూపాయలు అక్షరాలా ఇన్ని వేల నూట పదహార్లు అని చదివేస్తాడు. దాత ఫొటో ఫ్లెక్సీలో ఎంత సైజులో ఉండాలన్న దాని మీద కమిటీలో ముందురోజు రాత్రి జరిగిన రభస జనానికి తెలియదు. ఎంట్రీ ఫీజు ఎంత, దూరం నుంచి వచ్చిన జట్లకు భోజనం ఎవరింట్లో, పక్క జిల్లా నుంచి తెచ్చిన ఆటగాడిని ఆడనివ్వాలా వద్దా, రిఫరీ మన ఊరివాడైతే అవతలివాళ్లు ఒప్పుకుంటారా? లీగ్ ఆఫీసులో ఏసీ గదిలో తేల్చేవీ ఇవే పంచాయితీలు, పేర్లే వేరు.

హైదరాబాద్ గచ్చిబౌలిలో 2022 ఫిబ్రవరిలో ప్రైమ్ వాలీబాల్ లీగ్ తొలి సీజన్ మొత్తం ఒకే స్టేడియంలో నడిచింది. కోవిడ్ వల్ల అన్ని జట్లనూ ఒకేచోట ఉంచారు. నడిపింది బేస్‌లైన్ వెంచర్స్, సింధు ఒప్పందాలు చూసిన సంస్థ కూడా అదే. అంతర్జాతీయ వాలీబాల్‌లో సెట్టు 25 పాయింట్లకు. ఇక్కడ 15కే కుదించారు. ఒక జట్టు సూపర్ పాయింట్ కోరితే ఆ ర్యాలీకి రెండు పాయింట్లు. వెనకబడ్డ జట్టుకు నిచ్చెన వేయడమే ఇక్కడ కూడా కిటుకు. కంకణాల అభిషేక్ రెడ్డికి చెందిన హైదరాబాద్ బ్లాక్ హాక్స్ జట్టు యజమానుల్లో తర్వాత సినీనటుడు విజయ్ దేవరకొండ కూడా చేరారు. మన కుర్రాళ్లు 25 పాయింట్ల సెట్లు, అదీ అర్ధరాత్రి మంచులో ఆడి అలవాటుపడ్డవాళ్లు. 15 పాయింట్లంటే వాళ్లకు వేడెక్కే లోపే అయిపోయినట్టు.

లీగులు రాకముందు ఇక్కడి ఆటగాడికి అండ కంపెనీ కొలువు. 1889లో ఇల్లందు దగ్గర బొగ్గు తవ్వడం మొదలయ్యాక పెరిగిన సింగరేణికి, కార్మికుల ఆటల కోసం వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ అనే సంస్థే ఉంది. ఏరియాల మధ్య పోటీలు పెడుతుంది, గెలిచినవాళ్లను కోల్ ఇండియా పోటీలకు పంపుతుంది. కొత్తగూడెం ప్రకాశం స్టేడియం ఆ పోటీలకు పేరుపడ్డది. టీవీ లేదు, వేలం లేదు. నెల తిరిగేసరికి జీతం ఉంది. ఫ్రాంచైజీ మూతపడితే వీధినపడే ఆటగాళ్ల గురించి విన్నప్పుడల్లా ఈ పాత పద్ధతి అంత చెడ్డదేం కాదనిపిస్తుంది.

వాలీబాల్ ఇచ్చే పోలీసులు

అడవి అంచు మండలాల్లో ఆదివాసీ గూడేలకు వెళ్లే పోలీసులు వాలీబాల్ కిట్లు పంచడం, టోర్నీలు పెట్టడం మనకు కొత్తకాదు. మావోయిస్టుల వైపు యువత పోకుండా ఉండాలన్నది వాళ్ల లెక్క. సరిహద్దు దాటితే కుంట, అది సుక్మా జిల్లా. అక్కడ 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బస్తర్ ఒలింపిక్స్ అని ఏడు జిల్లాల పోటీలే పెట్టింది. 1.65 లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. విలువిద్య, ఖోఖో, కబడ్డీ, వాలీబాల్, తాడులాగుడు అన్నీ ఉన్నాయి. లొంగిపోయిన మావోయిస్టులు కూడా ఆడారు. పోటీల గుర్తు బొమ్మలుగా అడవిదున్న, కొండ మైనా. సుక్మా నుంచి జగదల్‌పూర్ దాకా ఊరూరి వడపోత. ఇది అమ్మకం కాదు, ప్రభుత్వ కార్యక్రమం. అయినా ఒక లీగ్ మేనేజర్ కళ్లతో చూస్తే, దారి సరిగా లేని ఊళ్ల నుంచి అంతమందిని తీసుకొచ్చి, తిండిపెట్టి, వేళకు ఆడించి పంపడం ఐపీఎల్ నడపడం కన్నా కష్టం.

చదువుకు కాలేజీ

ముంబయిలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ నేర్పే ఐఐఎస్‌ఎం సంస్థను 2010లో పెట్టినవాడు మాజీ స్పిన్నర్ నీలేశ్ కులకర్ణి. 1997లో కొలంబోలో తన తొలి టెస్టు తొలి బంతికే వికెట్ తీశాడు. ఆ తర్వాత శ్రీలంక 6 వికెట్లకు 952 కొట్టింది. మొదటి బంతికే అంతా అయిపోదని విద్యార్థులకు చెప్పడానికి ఇంతకన్నా అర్హుడు దొరకడు. రోహ్‌తక్ ఐఐఎంలో కూడా ఈ కోర్సు ఉంది.

జట్టు లేని సెంచరీ

గొంగడి త్రిష 2005 డిసెంబర్‌లో భద్రాచలంలో పుట్టింది. కూతురి క్రికెట్ కోసం కుటుంబం ఊరు వదిలి సికింద్రాబాద్ చేరింది. 2023 జనవరిలో తొలి అండర్-19 మహిళల టీ20 ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉంది. 2025లో రెండోసారి గెలిచినప్పుడు ఆ కప్పు ఆమెదే అనాలి. స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110 నాటౌట్, ఆ టోర్నీ చరిత్రలోనే తొలి సెంచరీ. మొత్తం 309 పరుగులు, 7 వికెట్లు, టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి. ఫైనల్లో దక్షిణాఫ్రికా మీద 3 వికెట్లు తీసి, 44 నాటౌట్‌గా నిలిచింది. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది.

ఇక లీగ్ సంగతి. 2023 జనవరిలో మహిళల ప్రీమియర్ లీగ్ ఐదు జట్లను 4,669.99 కోట్లకు అమ్మారు. ఐదేళ్ల ప్రసార హక్కులు ఇంకో 951 కోట్లు. ఐదు జట్లు ముంబయి, ఢిల్లీ, బెంగళూరు, అహ్మదాబాద్, లక్నో పేర్లమీద పోయాయి. మిథాలీ రాజ్ ఊరికి జట్టు లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ ఊరికీ లేదు. త్రిషను 2026 సీజన్‌కు తీసుకున్నది లక్నో జట్టు యూపీ వారియర్జ్. భద్రాచలం పిల్ల తన లీగ్ ఆట ఉత్తరప్రదేశ్ పేరు చొక్కా మీద వేసుకుని ఆడాలి. పురుషుల ఐపీఎల్‌లో జట్టున్న వాళ్లు, అమెరికాలోనూ ఇంగ్లండ్‌లోనూ క్లబ్బులు కొన్నవాళ్లు, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ జట్లు పెట్టినవాళ్లు, ఇంతమంది పారిశ్రామికవేత్తలున్న జాతికి ఒక మహిళా క్రికెట్ జట్టు కొనే స్తోమత లేదంటే నేను నమ్మను. కొత్త జట్లకు టెండర్ పిలిచిన రోజున హైదరాబాద్ పేరుతోనో విశాఖ పేరుతోనో కవరు వేయాలి.

అది పెద్దవాళ్ల పని. మన చేతిలో ఉన్నది వచ్చే సంక్రాంతి టోర్నీ. ఈ కొలువు మీద మనసున్న పిల్లలు ఎవరైనా ఉంటే, కోర్సు ఫీజు కట్టే ముందు మీ ఊరి కమిటీలో లెక్కలు రాసే పని అడిగి తీసుకోండి. దాత చెప్పింది ఎంత, ఇచ్చింది ఎంత, జనరేటర్‌కు డీజిల్ ఎంత అన్నది రాసి చూడండి. ఫ్లెక్సీ కొట్టించే ముందు అందులో ఇంకో లైను చేర్పించండి: అమ్మాయిల విభాగం, అబ్బాయిలతో సమానంగా బహుమతి.